రోడ్డు పొరల మధ్య దొరికింది మా వడ్లు కాదు

పిల్లలూ, రోడ్డు మీద వడ్లు ఆరబోయడం తప్పు కాదా అని మొన్న ఫోన్లో అడిగారు. తప్పే. కాని తేమ ఉంటే గుడివాడ మిల్లులో తీసుకోరు. కోతలప్పుడు మన దివిసీమలో పొడిగా ఉండే చోటు ఆ తారు రోడ్డొక్కటే. ఆ తప్పు ఒప్పుకుంటాను. చెయ్యనిదాన్ని ఎలా ఒప్పుకుంటాను?

కొత్త రోడ్డు ఏడాది తిరక్కుండానే పైపొర అప్పడంలా లేచిపోయింది. కాంట్రాక్టరు మనిషి మన వాకిట్లో నిలబడి, నలుగురూ వింటుండగా, "మీ వడ్ల తేమ దిగడం వల్లే రోడ్డు పాడైందండి మామ్మగారూ" అన్నాడు. ఇక ఎవరూ గింజ పోయకూడదని మన ప్రహరీకే కాగితం అంటించాడు. కోతలు ఇంకో వారంలో ఉన్నాయి.

నాకూ లోపల అనుమానమే. అడుగు పొర వేశాక, పైది వెయ్యకముందు, మూడు రోజులు అక్కడ వడ్లు పోసింది నేనే. పూర్తిగా ఊడ్చానో, గింజలు పొరల మధ్య ఉండిపోయాయో గుర్తు లేదు. కాని ఆ తర్వాత కోత మిషన్లు చేలోంచి బురద చక్రాలతో ఆ రోడ్డెక్కి వెళ్ళడం, ఆ మట్టి మీదే కాంట్రాక్టరు వాళ్ళు పైపొర పరిచెయ్యడం అరుగు మీద కూర్చుని చూశాను. రెండు పొరలూ అంటుకోవాలంటే శుభ్రంగా ఊడ్చి, మధ్యలో పల్చగా తారు చల్లాలట. వాళ్ళు చీపురే ముట్టలేదు.

రోడ్డు ఎందుకు లేచిందో చూడ్డానికి బందరు ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. చంటిపిల్లల బండిలాంటి రాడార్ మిషన్ని రోడ్డంతా తోసింది. అది భూమిలోకి తరంగాలు పంపితే, పొరలు విడిపోయినచోట తెర మీద గీత మారుతుందట. మన వాకిట్లో మారింది. ఎవరూ ఎన్నడూ గింజ పోయని కాలవ వంతెన మీదా మారింది. నిజం తేల్చడానికి మన ఇంటి ముందే రోడ్డులోకి గొట్టంలాంటి రంపం దింపి గుండ్రటి ముక్క కోసింది. అది రెండు బిళ్ళలుగా ఊడొచ్చింది.

"అందులో వడ్లున్నాయా అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి బొటనవేలితో రుద్ది చూసింది. "ఒక్క గింజ లేదండీ. ఎండిన బురద. తారు చల్లిన జాడే లేదు."

పక్కనే నిలబడ్డ కాంట్రాక్టరు మనిషిని అప్పుడడిగాను, మెల్లిగానే. "నలుగురిలో అన్నావు. ఆ నలుగురిలోనే కాదని చెప్పు నాయనా."

"రిపోర్టు ఆఫీసుకెళ్తుందండి, వాళ్ళు చూసుకుంటారు" అని ఫోన్ తీసి చూసుకోసాగాడు. నన్ను అనడానికి అతనికి ఏ రిపోర్టూ అక్కర్లేకపోయింది.

చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆ కాగితం తడిపి, అందరి ముందూ నేనే ఊడబెరికాను. వారం తర్వాత అక్కడే వడ్లు పోశాను, బళ్ళకి సగం రోడ్డు వదిలి. ఎందుకు పోశావని ఎవరూ వచ్చి అడగలేదు. క్షమించమనీ ఎవరూ రాలేదు.