కిటికీ గట్టు మీది రెండు సీసాలు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేదు, కక్కలేదు. నా భార్యకు చెప్పలేదు. దేవుడికీ చెప్పలేదు, ఆయనకు ముందే తెలుసు కదా అని తప్పించుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనొచ్చా? అనకూడదేమో.

విషయం కొంచెం మొహమాటంగా ఉంటుంది. మగవాడి మూత్రం సంగతి. నవ్వితే నవ్వండి, కానీ చివరిదాకా వినండి.

జంషెడ్‌పూర్‌లో మాది బారిడీహ్. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇనుము పనిలో పడ్డాడు. నేను ఒక కాంట్రాక్టరు కింద క్రేన్ ఆపరేటర్ని. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్. దాని కేబిన్ నాలుగంతస్తుల ఎత్తులో ఉంటుంది. ఎక్కాలన్నా దిగాలన్నా ఇనుప నిచ్చెనే. పైన మరుగుదొడ్డి లేదు. దిగితే పని ఆగుతుంది, పని ఆగితే కింద సూపర్‌వైజర్ ఈల ఊదుతాడు. అందుకని మా ఆపరేటర్లలో ఒక అలవాటు ఉండేది. షిఫ్టుకు ముందు నీళ్లు తాగకూడదు. వచ్చినా ఆపుకోవాలి. ఎనిమిది గంటలు దిగకుండా కూర్చున్నవాడే మొనగాడు. అందరిలోకీ నేనే మొనగాణ్ణి. ఎవడైనా మధ్యలో దిగితే, ఏరా, నిచ్చెన అరిగిపోదూ అని వేళాకోళం చేసేవాణ్ణి. కింద కొలిమి వేడి, పైన రేకుల వేడి, నోట్లో చుక్క నీరు లేదు. ఎంత మూర్ఖత్వమో ఇప్పుడు తెలుస్తోంది.

పదకొండేళ్ల కిందటి ఆ ఎండాకాలం మంట మొదలైంది. ముందు కొంచెం. తర్వాత బాత్రూంలో గోడ పట్టుకుని నిలబడాల్సినంత. మూత్రం చిక్కగా, మబ్బుగా వచ్చేది. ఒకరోజు ఎర్రటి జీర కూడా కనిపించింది. ఎవరికీ చెప్పలేదు. మగాడికి అక్కడ మంట అంటే మా బస్తీలో ఒకటే అర్థం చెబుతారు. ఎక్కడికి వెళ్లాడు, ఎవరి దగ్గరికి వెళ్లాడు అని. నేనెక్కడికీ వెళ్లలేదు. కేబిన్‌కు వెళ్లాను, అంతే. ఆ మాట ఎవరు నమ్ముతారు?

సరిగ్గా అప్పుడే గేటు పాసుల రెన్యువల్ వచ్చింది. దాని ముందు ఏటా మెడికల్ ఉంటుంది. కాంట్రాక్టరు పెట్టిన చిన్న డిస్పెన్సరీ అది. కళ్లు, బీపీ, మూత్రం చూస్తారు. తేడా ఉంటే అన్‌ఫిట్ అంటారు. అన్‌ఫిట్ వచ్చిన ఆపరేటర్ కిందికి దిగాలి. దిగితే మళ్లీ ఎక్కడం కల్ల. సీటు కోసం పదిమంది కాచుకుని ఉంటారు.

ఇక్కడ అప్పన్న గురించి చెప్పాలి. అప్పన్న నా పక్క క్రేన్ ఆపరేటర్. భుయ్యాడీహ్‌లో, సువర్ణరేఖ నదికి దగ్గరలో ఉంటాడు. చుట్టరికం ఏమీ లేదు, కానీ బావా అంటే బావా అని పిలుచుకునేవాళ్లం. అతని భార్య పార్వతి నాకు చెల్లెలి వరస. ఆ రోజు మెడికల్‌కు ఇద్దరం కలిసే వెళ్లాం. తలొక సీసా ఇచ్చారు. సీసా మీద అంటించిన తెల్ల ప్లాస్టర్ ముక్క మీద పాసు నంబరు రాసి ఉంది. నింపి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాలి.

ఇద్దరం పెట్టాం. అతనిది నీళ్లలా ఉంది. నాది వెలుతురులో చూస్తే అడుగున తెల్లగా తేలుతోంది. అప్పన్న చేతులు కడుక్కుంటానని కొళాయి దగ్గరికి వెళ్లాడు. కాంపౌండర్ లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

ప్లాస్టర్ తడికి వదులుగా ఉంది. నేను పీకాను. అతనిదీ పీకాను. మార్చి అంటించాను, వేలితో నొక్కాను.

ఎంతసేపు పట్టింది? అప్పన్న ఒక చెయ్యి కడుక్కునేంత. ఆలోచించకుండా చేశాను అని రాయాలని ఉంది. అది అబద్ధం. ఆలోచించే చేశాను. అతనికి జబ్బు లేదు కాబట్టి అతనికి ఏమీ కాదు, మళ్లీ పరీక్ష చేస్తే బాగానే వస్తుంది, ఈలోగా నేను గండం దాటేస్తాను అని లెక్క కట్టుకున్నాను. అతను తిరిగి వచ్చి నా భుజం మీద తడి చెయ్యి వేసి, పద బావా, టీ తాగుదాం అన్నాడు. వెళ్లి తాగాను కూడా.

నాలుగో రోజు కాగితాలు వచ్చాయి. నేను ఫిట్. అప్పన్నకు చీము కణాలు, రక్తం, అన్‌ఫిట్. నాకు మంట నేదు, జ్వరం నేదు అని అతను పాపం అందరికీ చెబుతూనే ఉన్నాడు. కొందరికి తెలియకుండానే ఉంటుందని కాంపౌండర్ కొట్టిపారేశాడు. వరసలో పాతికమంది వింటుండగా, కహాఁ కహాఁ ఘూమ్‌తే హో భాయ్, ఎక్కడెక్కడ తిరుగుతున్నావు అని నవ్వాడు. వరస మొత్తం నవ్వింది. నేను తేలు కుట్టిన దొంగలా నేల చూశాను. అప్పన్న నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వారం మాత్రలు ఇచ్చి, నెల తర్వాత రమ్మన్నారు. ఈలోగా అతన్ని ఖలాసీగా కిందికి పంపారు. అంటే లోడుకు గొలుసులు తగిలించి, చేత్తో సైగ చేసి క్రేన్‌కు చూపించే పని. ఎవరి క్రేన్ కిందనో తెలుసా? నా క్రేన్ కింద. ఆ రోజు నుంచి నేను పైనుంచి చూసేది అతని పసుపు టోపీనే. అతను చెయ్యెత్తితే ఎత్తాను, దించితే దించాను. చెయ్యి అడ్డంగా పెడితే ఆగాను.

మూడో రోజు అతను రెండు సీసాలు తెచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు. గోరువెచ్చగా ఉంది. ఏమిటని అడిగాను.

“బార్లీ నీళ్లు బావా. పార్వతి కాసింది. డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు, వచ్చినప్పుడు ఆపుకోవద్దన్నాడు. నువ్వూ పైన చుక్క ముట్టవు గదా. నాకొచ్చింది నీకెందుకు రావాల?”

ఆ సీసా తీసుకుని నిచ్చెన ఎక్కాను. పైన కూర్చుని తాగాను. ఏడ్చాను. ఏడుస్తూనే తాగాను, ఎందుకంటే ఆ నీళ్లు నాకు నిజంగా కావాలి.

అలా రోజూ రెండు సీసాలు. తనకు లేని జబ్బుకు అప్పన్న పథ్యం పట్టాడు. ఎండుచేపల వేపుడు లేకపోతే ముద్ద దిగని మనిషి పెరుగన్నం, సొరకాయ కూర తిన్నాడు. టీ మానేశాడు. ఆవకాయ జాడీ అటక ఎక్కింది. సాయంత్రాలు ధనియాల నీళ్లు, మధ్యాహ్నం మజ్జిగ. డాక్టరు చెప్పినవన్నీ వచ్చి నాకు పాఠంలా చెప్పేవాడు. లోపలి బట్టలు నూలువి వేసుకో, చెమటవి రోజూ మార్చు, మాత్రలిస్తే తగ్గిందని మధ్యలో ఆపకు. తలాడించేవాణ్ణి. ఇంటికి వచ్చి చాటుగా అన్నీ పాటించేవాణ్ణి.

బార్లీ నీళ్లతో మంట కొంచెం చల్లబడింది. జబ్బు పోలేదు. ఒకరోజు వణికించే జ్వరం, నడుం పక్కన పోటు వచ్చాయి. అప్పుడు భయం వేసింది. ఎవరూ ఎరగని చోటని సిద్ధగోరాలో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. పేరు అడిగితే నా నోట్లోంచి అప్పన్న పేరే వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. అతని సీసా వాడుకున్నాను, పేరు కూడా వాడుకున్నాను. ఆ పెద్దాయన మూత్రం కల్చర్ పరీక్షకు పంపి మందు రాశాడు. ఇన్నాళ్లు ఎందుకు ఆగావు, మందు పని మందుది, నీళ్ల పని నీళ్లది, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు అని గట్టిగా తిట్టాడు. మాత్రలన్నీ మింగాను. నీళ్లు తాగాను. గంటగంటకూ సిగ్గు లేకుండా నిచ్చెన దిగాను. తగ్గింది.

నాకు తగ్గింది. ఇక్కడితో ఆగినా పాపం కొంత చిన్నదిగా ఉండేది. ఆగలేదు.

ఒక ఆదివారం అప్పన్న ఇంటికి వెళ్లాను. అతను బజారుకు వెళ్లాడు. పెరట్లో పార్వతి బట్టలు ఉతుకుతోంది. పక్కన రెండు బకెట్లు ఉన్నాయి. నీలం దాంట్లో ఆమెవి, పిల్లవి. ఎర్ర దాంట్లో అప్పన్నవి మాత్రమే, వేడినీళ్లలో నానబెట్టి ఉన్నాయి. నన్ను చూసి చేతులు తుడుచుకుంది. తల ఎత్తకుండా అడిగింది.

“అన్నయ్యా, మీరైతే అబద్ధం సెప్పరు. ఆయన ఎక్కడికైనా ఎల్తన్నాడేటి? అందరూ ఏటేటో అంతన్నారు.”

ఇన్నాళ్లూ మనసులో నేను పదే పదే వెళ్లి నిలబడే చోటు ఇది. సీసా మార్చిన కిటికీ కాదు, ఈ పెరడు. అక్కడ నాకు ఒక్క మాట చాలు. లేదమ్మా, అతను ఆణిముత్యం అంటే చాలు. నిజం మొత్తం చెప్పక్కర్లేదు కూడా. కానీ అంత గట్టిగా లేదంటే, మరి ఆ జబ్బు ఎలా వచ్చిందని అడుగుతుందేమో అని భయం. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాను.

“నాకేటి తెలుసమ్మా. షిఫ్టు అయ్యాక ఎవరి దారి ఆళ్లది,” అన్నాను.

పార్వతి ఎర్ర బకెట్టు కాలితో పక్కకు జరిపి, కూచోండి అన్నయ్యా, టీ ఎడతాను అంది. ఆమె మొహంలో ఏదో ఆగిపోవడం చూశాను. చూసి, టీ తాగి వచ్చాను.

నెల తర్వాత పరీక్షలో అప్పన్నకు అంతా బాగుందని వచ్చింది. మందు, పథ్యం పనిచేశాయని అతను మురిసిపోయాడు. సీటు మాత్రం తిరిగి రాలేదు. అప్పటికే ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. అతను ఇప్పటికీ ఖలాసీనే. ఇప్పుడు షెడ్డులో, నిచ్చెన దగ్గరే, మరుగుదొడ్డి ఉంది. నీళ్ల కోసం దిగితే ఎవరూ ఈల ఊదరు. ఇప్పటికీ వారానికి రెండు మూడు రోజులు నాకు బార్లీ నీళ్ల సీసా వస్తుంది, పార్వతి కాసిందే. వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా నా కళ్లు ముందు పెరట్లోకే పోతాయి. బకెట్లు మారాయి, రంగులు మారాయి. రెండు మాత్రం రెండుగానే ఉన్నాయి. పదకొండేళ్లు ఒక మగవాడు తన ఇంట్లో ఆ బకెట్టును చూస్తూ ఎలా బతికాడు? ఒక్కరోజైనా నాతో అనలేదు. అతను అనకపోవడమే నాకు శిక్ష అనుకుంటే, అది కూడా నన్ను నేను ఓదార్చుకోవడమే.

పోయిన నెల పొద్దుటి మీటింగులో ఎండ జాగ్రత్తల గురించి ఎవరైనా మాట్లాడమన్నారు. అప్పన్న ముందుకొచ్చాడు. యాభైమంది మధ్య నిలబడి, సిగ్గుపడకుండా, తెలుగూ హిందీ కలిపి చెప్పాడు. నీళ్లు తాగండి, ఆపుకోవద్దు, మంటగా ఉంటే దాచుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోండి, నాకొచ్చి నాను సీటు పోగొట్టుకున్నాను అన్నాడు. నావైపు చూపించి, మా బావని సూడండి, నా మాట ఇన్నాడు, ఒక్కనాడు పడనేదు అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. చేతులు జోడించాను. అందరూ చప్పట్లు కొట్టారు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోవడానికి రాయడం లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. క్షమించాల్సిన ఇద్దరూ భుయ్యాడీహ్‌లో ఉన్నారు, వాళ్లకు నేనింకా అన్నయ్యనే, బావనే. రేపు వెళ్లి చెబుతానా? చెబుతానని రాస్తే మీరు సంతోషిస్తారు. నన్ను నేను ఎరుగుదును, అందుకే రాయను.

ఈ ఒక్కటి మాత్రం రాస్తాను. ఆ రోజు గట్టు మీద చెడ్డ సీసా నాది. అప్పన్నకు ఏ జబ్బూ రాలేదు. అతను ఎక్కడికీ వెళ్లలేదు, చెల్లీ. రెండో బకెట్టు అక్కర్లేదు.