పండగ ముందు రోజు పొట్లాలు

పబ్బులో అందరూ ఆయన్ని నురగయ్య అంటారు. గ్లాసులో సగం నురగే పోస్తాడని ఎవరో కడుపుమంటతో పెట్టిన పేరు. ఆయన దాన్ని బిరుదులా మోస్తూ కౌంటరు వెనక సగం జీవితం గడిపేశాడు. పెళ్ళి చేసుకోలేదు. లోకమంతా పడుకున్నాక ఇంటికి చేరే మనిషికి పిల్లనెవరిస్తారని తనే నవ్వేవాడు. నా అన్న మనిషి ఒక్క అక్కే.

పెద్ద పండగ రోజున ఊళ్ళో పబ్బులకు తాళం పడాలని పాత నియమం. నురగయ్యకు నికరంగా దొరికే సెలవు అదొక్కటే. ఆ రోజు ఒంటికి రెండుసార్లు సబ్బు రుద్దుకుని, ఉతికిన చొక్కా వేసుకుని అక్క ఇంటికి భోజనానికి వెళ్ళేవాడు. మామూలు రోజుల్లో వెళితే అక్క గుమ్మంలోనే మాట్లాడి పంపేసేది. మందు వాసన తగిలిన మనిషి తన భోజనాల బల్ల దగ్గర కూర్చోకూడదని ఆవిడ పట్టు. అక్కకు భక్తి ఎక్కువని ఆయన సర్దిచెప్పుకున్నాడు. అమ్మ పోయాక తనని పెంచిన మనిషి, ఆ మాత్రం చాదస్తం ఉండనీ అనుకున్నాడు. ఆ పండగ పిలుపు కూడా బావ పోయాక మొదలైందే. అంతకుముందు పిలిచేది కాదు. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకని ఆయనా వెళ్ళేవాడు కాదు.

ఈ ఏడాది ఊరి పాలకసంఘం ఆ నియమం ఎత్తేసింది. ఇష్టమున్నవాళ్ళు తెరుచుకోవచ్చంది. ఇక కౌంటరు ముందు రోజూ రచ్చే.

"దేవుడి రోజున కూడా గొంతు తడవకపోతే ప్రాణం పోతుందా?" అన్నాడు కటింగు షాపాయన, ఖాళీ గ్లాసు మళ్ళీ ముందుకు జరుపుతూ.

"నీకేం, ఇంటినిండా జనం. మాలాంటి ఒంటిగాళ్ళు ఆ రోజు గోడలు చూస్తూ కూర్చోవాలా?" అన్నాడు భార్య పోయిన టైలరు.

నురగయ్య తడిగుడ్డతో కౌంటరు తుడుస్తూ ఇద్దరికీ తల ఊపాడు. తాగేవాళ్ళ వాదంలో తలదూర్చేంత అమాయకుడు కాదాయన.

చివరికి ఓనరు ఆ నిర్ణయం తెచ్చి నురగయ్య చేతిలోనే పెట్టాడు. "నువ్వు లేకపోతే కౌంటరు నడవదయ్యా. వస్తానంటే తెరుద్దాం, రానంటే మానేద్దాం. రేపు చెప్పు."

రానని చెప్పడానికే నురగయ్య నిశ్చయించుకున్నాడు. ఆ ఒక్క భోజనం పోతే అక్కాతమ్ముళ్ళన్న మాటకు మిగిలేది గుమ్మమే. అయితే ముందు ఆ సంగతి అక్క చెవిన వేసి కాస్త మెప్పు పొందుదామని పొద్దున్నే వెళ్ళాడు. అక్క పెరట్లో మొక్కలకు నీళ్ళు పోస్తోంది. విని మెచ్చుకోలేదు.

"మూస్తే ఏం లాభంరా?" అంది.

"పండగ కదక్కా."

"మీరు తాళం వేసిన రోజు మీ బావ ఏం చేసేవాడో తెలుసా?"

"ఇంట్లోనే ఉండేవాడుగా."

"ఇంట్లోనే, పొద్దుట్నుంచీ. మిగతా రోజుల్లో అక్కడ తాగొచ్చి పడి నిద్రపోయేవాడు. నా మానాన నేనుండేదాన్ని. పండగ రోజు మాత్రం ముందు రోజు తెచ్చుకున్న సీసాలు ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. సీసా అయిపోతే చెయ్యి లేచేది. ఆయన నిద్రపోయేదాకా ఇదిగో, ఈ బట్టల తాడు కింద కూర్చునేదాన్ని."

నురగయ్య తన చేతులకేసి చూసుకున్నాడు. ఏటా పండగ ముందు సాయంత్రం పబ్బులో పొట్లాల హడావిడి. సీసాలు సంచిలో ఒకదానికొకటి తగిలి చప్పుడు కాకుండా ఒక్కోదాన్నీ పాత పేపర్లో చుట్టివ్వడం ఆయన పెట్టిన పద్ధతే. వీధిలో కొన్నవాడి పరువు నిలుస్తుందని. అక్క మొగుడు కదా అని బావ సీసాలకు ఒక మడత ఎక్కువే వేసేవాడు.

"వాటిని నేనే చుట్టిచ్చేవాణ్ణి" అన్నాడు.

"తెలుసు. ఆ మడతలు నేను గుర్తుపట్టనా? చిన్నప్పుడు నీ పుస్తకాలకి అట్టలెయ్యడం నేర్పింది నేనేగా."

ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. "ఒక్కసారైనా అనలేదేం?"

"అంటే ఏం చేసేవాడివి? పని మానేసి నువ్వు కూడా ఇంట్లో కూర్చునేవాడివి" అని అక్క రెండో మొక్క దగ్గరికి నడిచింది.

నురగయ్య అట్నుంచటే ఓనరు దగ్గరికి వెళ్ళాడు. "పండగ రోజు వస్తాను. కానీ ముందు రోజు పొట్లాలుండవు. నేనున్న కౌంటరు మీంచి సీసా ఇంటికి పోదు. తాగేవాడు ఇక్కడే తాగి పోవాలి" అన్నాడు. ఓనరు గొణిగాడు, లెక్కలు చెప్పాడు, బతిమాలాడు, చివరికి సరేనన్నాడు. దాంతో ఊరు బాగుపడిపోతుందని నురగయ్య అనుకోలేదు. కావలసినవాళ్ళు పక్క వీధిలో కొనుక్కుంటారు. తన చేత్తో మాత్రం కాదు.

పండగ రోజు తలుపు తీయగానే మొదట వచ్చింది కటింగు షాపాయనే. ఆయన్నెవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం వెనక తలుపు చప్పుడైతే నురగయ్య తీశాడు. ఎదురుగా అక్క, చేతిలో భోజనం కారియరు. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ వీధి మొహం చూడలేదు.

లోపలికొచ్చి, ఖాళీ సీసాల పెట్టె ఒకటి బోర్లించి కూర్చుంది. నురగయ్య చొక్కా నిండా బీరు చిందివుంది. ఆయన గోడవారగా నిలబడిపోయాడు.

"ఒళ్ళంతా వాసనక్కా" అన్నాడు.

"ఆ వాసనొస్తే ఇప్పటికీ మీ బావే వచ్చాడనిపిస్తుందిరా. ఒక్కసారైనా ఆ వాసన నీదని తెలియాలి నాకు. వచ్చి ఎదురుగా కూర్చో."