బేకరీ ఇంటి పాప

నిన్న మా మనవరాలు ఇంగ్లండు నుంచి ఫోనులో ఒక ఫొటో పంపింది. అక్కడ చదువుకుంటోంది కదా, మేము కొత్తకాపురం పెట్టిన పల్లెటూరు చూసివస్తానంటే, చర్చి వెనక్కి కూడా ఒకసారి వెళ్ళి చూడమ్మా అని నేనే అడిగాను. ఇక్కడ కెనడాలో, సర్రీలోని మా వంటింట్లో బీరకాయ చెక్కుతూ ఆ ఫొటో తెరిచాను, ఇక కూర సంగతి ఎవరికి గుర్తు!

మావారు డాక్టరుగా తొలి ఉద్యోగంలో చేరిన ఊరది. నలభై రాతి ఇళ్ళు, మధ్యన వందల ఏళ్ళనాటి చర్చి, ఇళ్ళకు నంబర్లకు బదులు పేర్లు. మేము అద్దెకు దిగినది బేకరీ ఇల్లు, అక్కడ రొట్టెలు కాల్చడం ఎప్పుడో మా తాతలనాడే మానేశారనుకోండి. దిగిన వారానికే పొరుగింటి పెద్దావిడ నన్ను చర్చి వెనక్కి తీసుకువెళ్ళి, గడ్డిలో ఒరిగిన మూడు సమాధిరాళ్ళు చూపించారు. ఎప్పుడో మా ఇంట్లో ఉండి చనిపోయినవాళ్ళవట. ఏటా ఈస్టరుకు ముందు, ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళే వాటిని కడిగి పూలు పెట్టాలట. వాళ్ళు మాకేమీ కారు కదా అంటే, మా ఇంటి వంతు రాళ్ళ కింద ఉన్నవాళ్ళూ నాకేమీ కారమ్మా అన్నారావిడ. ఆడవాళ్ళు శ్మశానం వైపు చూడని ఇంట పుట్టినదాన్ని, ఎవరి పిచ్చి వారికానందం అనుకుని, ఇంటికొచ్చి తలస్నానం చేశాను. ఆ ఏడు నా బదులు ఆవిడే పూలు పెట్టారు, నన్ను ఒక్క మాటా అనలేదు.

ఆ శీతాకాలంలోనే మా తొలిచూలు ఆడపిల్ల పుట్టి తొమ్మిది రోజులు బతికింది. వాన రాకడ, ప్రాణం పోకడ అంటారు, ఆ రోజు రెండూ కలిసే వచ్చాయి. పసిబిడ్డను పూడ్చడమే మన ఆచారం కదా, పాస్టరుగారు మా మతం ఊసెత్తకుండా ఆ మూడు రాళ్ళ పక్కనే చోటిచ్చారు. బారసాల కూడా కాని బిడ్డ, రాతి మీద ఏం పేరు రాయిస్తాం? బేకరీ ఇంటి పాప అని ఊరివాళ్ళే చెక్కించారు. వచ్చిన ఈస్టరుకు నాలుగు రాళ్ళూ నేనే కడిగాను.

కెనడాకు వచ్చేటప్పుడు, దాన్ని ఎవరి మీద వదిలిపోను అని పెద్దావిడ ముందు ఏడ్చాను. ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళే చూస్తారని ఆవిడ నా చేయి నిమిరారు. ఆవిడా పోయారు. పిల్లలు, ఉద్యోగాలు, మావారి మోకాళ్ళు అని అందరికీ సాకులు చెప్పాను కానీ, వెళితే అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదేమోనన్న భయంతోనే ఇన్నేళ్ళూ వెళ్ళలేదు.

ఫొటోలో నాలుగు రాళ్ళూ శుభ్రంగా ఉన్నాయి, చిన్న రాతి ముందు జామ్ సీసాలో పసుపుపచ్చటి పూలున్నాయి.

“అమ్మమ్మా, ఐ డిడ్ నథింగ్! దే వర్ ఆల్రెడీ దేర్!” అంది మనవరాలు, నేను వెంటనే ఫోను చేస్తే.

ఊళ్ళో అంగడి మూతపడిందట, బస్సు రాదట, చర్చి నెలకొకసారి తెరుస్తారట. బేకరీ ఇంట్లో ఇప్పుడున్న యువజంట కూడా మాలాగే వేరే దేశం నుంచి వచ్చినవాళ్ళే. తాళాలిచ్చిన రోజునే ముందువాళ్ళు ఈ పని కూడా అప్పగించారట. ఎన్ని చేతులు మారిందో ఆ ఇల్లు, మా పాప ఒక్క ఈస్టరుకూ పూలు లేకుండా లేదు. ముఖం చూడనివాళ్ళకు చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

ఈ సర్రీ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాం. మాకు ముందు ఎవరుండేవారో నాకు తెలియదు. వచ్చిన కొత్తలో వంటింటి గోడ మీద ఎవరో పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసి, పక్కన పేర్లు రాసి ఉండేవి. ఆ పేర్లు చదవనైనా చదవకుండా, నెల తిరగకముందే నేనే రంగు వేయించేశాను.