చీర పన్నా పెరిగిన ఏడాది

మా జకరయ్య మాస్టారికి ఒకటే పిచ్చి. నలభై దాటిన వాళ్ళెవరైనా ఆయన ఇంట్లో అడుగు పెడితే చాలు, గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తిన స్కేలు పెట్టి, పెన్సిలుతో గీత గీసి, పక్కన పేరూ తారీఖూ రాసేవారు. తెనాలిలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. గుమ్మం నిండా పేర్లే. ఏటికేడు ఒక్కో పేరూ కాస్త కిందికి దిగేది. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు.

ఆయన తండ్రి రేపల్లెలో శవపెట్టెలు చేసేవాడు. ఇంకేముంది, "పెట్టెకు కొలత తీస్తున్నాడు" అని వీధంతా వణికింది. గీత గీయించుకున్న రెండు నెలలకే మా వీధి మత్తయిగారు పోయారు. ఆయనకు తొంభై ఒకటి అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. నేనూ ఒకసారి దొరికిపోయి, భయంతో మునివేళ్ళ మీద నిలబడ్డాను.

"మడమలు దించండమ్మా," అన్నారు కిందికి చూడకుండానే. గీస్తూ గీస్తూ గొంతు తగ్గించారు. "ఎముకల్లో ఎముకనే తినేవాళ్ళున్నారండి, కంటికి కనపడని కణాలు. కట్టేవాళ్ళూ ఉన్నారు. ఈ నిమిషాన కూడా మీలో తింటూనే ఉన్నారు. వినపడదు."

"ఎవరు పిలిచారండి వాళ్ళని?"

"కట్టేవాళ్ళే. ఆ పిలుపేంటో ఈమధ్యే కనిపెట్టారు. దాన్ని దారిలోనే పట్టేసే పదార్థమూ మన ఒంట్లోనే ఉందట. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో పిలుపులు ఎక్కువైపోతాయి."

మోకాలు దురద పెట్టినా గోకడానికి ధైర్యం చాల్లేదు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మా మేనత్త అన్నమ్మ బాపట్ల నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. కొత్తగా కొన్న చీరలన్నీ నేలమీద ఈడ్చుకుంటున్నాయి.

"పేరాల నేతవాళ్ళు పన్నా పెంచేశారే, ఇంత వెడల్పా? ఎవరడిగారు వీళ్ళని?" అని సణిగేది.

ఈ మాట చెవిన పడగానే మాస్టారి ముఖం పాలిపోయింది. ఒక్కసారి గుమ్మం దగ్గరకు రమ్మని కబురు పెట్టారు. "నా పెట్టె తొందర ఆయనకెందుకే?" అని అత్త కదల్లేదు.

మర్నాడు ఆయనే టేపు పట్టుకుని వచ్చారు. "మిమ్మల్ని కాదండి, చీరని కొలుస్తాను. తప్పు నేతవాళ్ళదైతే ఉత్తరం రాద్దాం."

కొత్త చీర పన్నా నలభై ఆరు అంగుళాలు. బీరువాలోంచి ఇరవయ్యేళ్ళ నాటి చీర తీయించారు. అదీ నలభై ఆరే. ఒకప్పుడు చీలమండల దాకానే ఉండే ఆ చీర కట్టుకుని వచ్చింది అత్త. అంచు నేలమీద మెల్లగా పాకుతూ వచ్చింది.

"అయితే పెరిగింది చీర కాదా?" అంది అత్త.

"కాదండి. వెన్నుపూసలు అణిగి, నడుమే కిందికి దిగింది." మాస్టారు టేపు చుట్టారు. "మా అమ్మ రూతు ఇట్లాగే కుంగిపోయిందండి. చెంబు తీయబోయి తుంటి విరిగింది, మళ్ళీ లేవలేదు. నాన్న పెళ్ళినాటి ఎత్తు గుర్తుపెట్టుకుని పెట్టె చేశాడు. నాలుగంగుళాలు ఖాళీ మిగిలింది. అది చూశాకే ఈ కొలతలు మొదలెట్టాను. బతికున్నప్పుడే కొలవాలి కదండీ."

ఆయనే అత్తను గుంటూరు తీసుకెళ్ళారు. తినేవాళ్ళ జోరు తగ్గించే కొత్త మాత్ర రాశారు డాక్టరు. పరగడుపున గ్లాసుడు నీళ్ళతో మింగాలి, ఆ తర్వాత నడుం వాల్చకూడదు. అత్తకేమో పొద్దున్నే రెండో కునుకు లేనిదే దినం గడవదు. అందుకని మాస్టారు రోజూ వచ్చి ఎదురుగా కూర్చునేవారు. అత్త కళ్ళు మూతపడితే చాలు, "వింటున్నారా? తింటున్నారు," అనేవారు. అత్త ఉలిక్కిపడి నిటారుగా కూర్చునేది.

ఏడాది తిరిగాక బావి దగ్గర పాచి మీద జారి దబ్బున కూలబడింది. గుండె చిక్కబట్టుకుని పరుగెత్తాం. అత్త తనే లేచి పాచిని తిట్టింది. ఆ ధైర్యంతో మర్నాడు డాక్టరు చీటీ కూడబలుక్కుని చదివి, మాస్టారిని నిలదీసింది.

"అరగంట చాలని రాశారే. ఏడాదిగా గంట కూర్చోబెడుతున్నారేంటండీ?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "మొదటి అరగంట మీ ఎముకలకండి. రెండోది, నాకు ఇంట్లో పొద్దుపోక."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా," అంది అత్త. "టిఫిన్ కూడా పెట్టేదాన్ని."