పంపు మీద చెయ్యి పెట్టి చూసిన యాదగిరి గారు

మంగళవారం పొద్దున్నే చిక్కడపల్లి నుంచి ఫోను. యాదగిరి గారు ఇక లేరని ఆయన కూతురు రెండు మాటల్లో చెప్పింది. ఆమె పెట్టేశాక కూడా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిల్చుండిపోయాను. మొన్న మొన్ననే నారాయణగూడ చౌరస్తాలో కూరగాయల సంచితో ఎదురైన మనిషి! "ఒకపారి ఇంటికి రారాదు తమ్మీ" అన్నారు. "వస్తాను సర్" అన్నాను. వెళ్లలేదు.

ఆయన జీవితం సమస్తం శబ్ద పరిశోధనకు అంకితమైంది. సముద్రగర్భంలో సంచరించే నౌకల ధ్వనిని సుదూరం నుంచే పసిగట్టే పరికరాల నిర్మాణంలో, నగరంలోని ఒక ప్రభుత్వ పరిశోధనాలయంలో ముప్పై ఏళ్లు గడిపారు. నేను అక్కడ ఆయన కింద పనిచేసినవాణ్ని. దేశరక్షణ వ్యవహారం కనుక ఆయన కృషి పత్రికలకెక్కలేదు. నీళ్లకు సంబంధించిన పనేదో అని మాత్రమే తెలిసిన ఇరుగుపొరుగుకు ఆయన 'నీళ్ల ఆఫీసు సారు'. నల్లా రాకపోతే ఆయన్నే అడిగేవారు. ఆయనా విసుక్కోకుండా ఎవరికో ఫోను చేసి కనుక్కుని చెప్పేవారు.

ఆ శ్రవణశక్తి అసాధారణం. మేడ మీద కూర్చుని, గల్లీలో ఏ ఇంటి బోరు మోటరు నడుస్తోందో చెప్పేవారు. ఒకసారి నాతో మాట్లాడుతూ మధ్యలో లేచి, పిట్టగోడ మీదుగా వంగి, "అక్కా, మీ మోటర్ల బేరింగ్ పోతున్నది, జర సూపించుకోండ్రి" అని కేకేశారు. వారం తిరక్కుండా ఆ మోటరు ఆగిపోయింది. ఆవిడ చూపించుకుంటేగా!

పదవీ విరమణ తర్వాత సాయంత్రాలు అశోక్ నగర్ చాయ్ దుకాణం దగ్గర, పోటీ పరీక్షలకు చదివే పిల్లల మధ్య గడిపేవారు. "సముద్రమే లేని ఊర్ల సముద్రం మీద రీసెర్చ్ ఏంది సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. "గీ లొల్లిల ఇననేర్చినోనికి సముద్రంల ఇనుడు అల్కటి పని బిడ్డా" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు, నిజమనుకునే చెప్పారు.

నేను రాయవలసిన సంగతి మరొకటుంది. దాన్ని తప్పించుకోవడానికే ఇంతసేపూ మోటర్ల గురించీ చాయ్ గురించీ రాశానేమో.

చాలా ఏళ్ల కిందట మా పరికరానికి సముద్రంలో తుది పరీక్ష జరిగింది. పరీక్షకు ముందు మా పడవలోని యంత్రాలన్నీ ఆపాలి. లేకపోతే పరికరం మన చప్పుడునే వింటుంది. కింది అంతస్తులోని నీళ్ల పంపు ఆగిందని కళ్లారా చూసి, తనిఖీ పట్టికలో టిక్కు పెట్టడం నా పని. పడవ ఊగుతుంటే నాకు కడుపులో తిప్పేసింది. మెట్లు దిగలేక, ఆగే ఉంటుందిలే అని టిక్కు పెట్టేశాను.

రికార్డింగులో స్పష్టమైన లయ వచ్చింది. దూరంగా వెళ్తున్న నౌకను పట్టేశామని చప్పట్లు కొట్టుకున్నాం. యాదగిరి గారు మాత్రం గ్రాఫులు పక్కకు నెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకుని గంటసేపు విన్నారు. "ముందు ఇనాలె, తర్వాత సూడాలె" అన్నది ఆయన నియమం. చివరికి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది దూరంకెల్లి వచ్చిన చప్పుడు గాదు. మన పడవల పంపే" అన్నారు.

ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. సమీక్షా సంఘం ఎదుట ఆయన నిలబడి, పరీక్ష చెల్లదన్నారు. పంపు ఆగిందో లేదో చూడవలసింది తానేనని, చూడలేదని, తప్పు తనదేనని చెప్పారు. నా టిక్కు ఉన్న కాగితం ఆయన చేతిలోని ఫైల్లోనే ఉంది. నేను వెనక వరసలో కూర్చుని నోరు మెదపలేదు. ప్రాజెక్టు బాధ్యత ఆయన నుంచి తీసేశారు. కొన్నాళ్లకు మళ్లీ జరిగిన పరీక్షలో పరికరం నెగ్గింది. దాని నిర్మాతల పట్టికలో ఆయన పేరు లేదు, నా పేరుంది.

నెగ్గిన ఆ పరీక్షకు ఆయన సహాయకుడిగా వచ్చారు. తానే మెట్లు దిగి, పంపు మీద అరచెయ్యి ఆనించి చూసి, పైకొచ్చారు. "ఆగింది. ఇగ టిక్కు పెట్టు" అన్నారు నాతో. అంతకు మించి ఒక్క మాట లేదు, ఆనాడు గానీ ఆ తర్వాత గానీ.

ఆయన పోయాక వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య సుశీలమ్మ గారు నన్ను తేరిపార చూశారు.

"నువ్వేనా బిడ్డా, పడవెక్కితే కడుపుల తిప్పేది?"

"అవునమ్మా."

"ఆ పంపు ముచ్చట పిలగాన్ని అడుగరాదా అని ఎన్నిసార్లన్ననో. 'అడిగి చెప్పిస్తె ఏమున్నది, వాడే చెప్తడు, జర ఆగు' అంటుండె. ఇన్నొద్దులు ఆగిండు."

మొన్న చౌరస్తాలో ఇంటికి రమ్మన్నది కూడా అందుకేనేమో, ఇక తెలియదు.

అటువంటి శాస్త్రవేత్తను మా పరిశోధనాలయం మళ్లీ చూడబోదు. ఆ మహనీయుడికి నేను సమర్పించుకోగల అంజలి ఒక్క వాక్యం. వినవలసిన చెవి లేకుండా పోయాక రాస్తున్నాను.

సర్, ఆ రోజు నేను మెట్లు దిగలేదు.