మావయ్య జేబులో చెంచా

"బిడ్డ మెదడులో ఏదైనా తేడా ఉంటే?"

ఈ ప్రశ్న నేను ఎన్నిసార్లు అడిగినా మా మామగారు ఇజ్రాయెల్ మాస్టారి జవాబు ఒక్కటే: టకటక, టకటక. కనబడ్డ వస్తువునల్లా వాయించడం ఆయన జబ్బు. చర్చిలో ఢోలక్ వాయించే మనిషి, ఆదివారంతో ఆపరు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్టీలు చెంచా ఉంటుంది. ఒకసారి రాయగడ బస్సులో, కునికిపాట్లలో ముందు సీటనుకుని ఒక పెద్దమనిషి బట్టతల వాయించారు. ఆయన దిగబోతూ, "మాస్టారూ, కీర్తన ఇంకా అవ్వనేదు, మరో తల సూసుకోండి" అన్నాడట.

నా భార్య శాలినికి ఆరో నెల దాటాక, అల్ట్రాసౌండ్‌లో బిడ్డ మెదడులోని నీటి గదులు కాస్త వెడల్పుగా కనిపించాయి. స్పష్టంగా తెలియాలంటే ఎం.ఆర్.ఐ. తీయాలన్నారు డాక్టరు. "ఎక్స్‌రే కాదు, అయస్కాంతమే. కాకపోతే మిషన్ గోలగోల చేస్తుంది. తల్లి ఉలిక్కిపడి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది."

నేను ఫిజిక్సు చదివాను. అయస్కాంతం గురించి అన్నీ తెలుసు. భయం మాత్రం తగ్గలేదు. పైగా మా శాలిని కుక్కరు కూసినా ఉలిక్కిపడే మనిషి.

ఆ వారమే మావయ్యకు పూనకం వచ్చింది. శాలిని నడుం వాల్చితే చాలు, మంచం పక్కన బకెట్టు బోర్లించేవారు. డగడగడగ. ఆగేవారు. హమ్మయ్య అనుకునేలోగా, టంగ్ టంగ్ టంగ్.

"మావయ్యా, కడుపుతో ఉన్న మనిషి!"

"నానేటి సేసేది బాబూ? బకెట్టే అడుగుతంది."

"ఒగ్గీ నాన్నా!" అని శాలిని తలగడ విసిరేది.

"కదిలిపోనావు అమ్మీ! మళ్ళీ మొదట్నించీ!"

పోను పోను విసరడం మానేసింది. ఆ మోతలోనే గురక పెట్టేది.

కొరాపుట్‌లో స్కానింగ్ సెంటరు గుమ్మం దగ్గరే టెక్నీషియన్ ఉమాపతి చెయ్యి చాచాడు.

"సెంచా ఇచ్చీండి మాస్టారూ. ఇవాళ కూడా తలుపు దగ్గిర కూకుంటారేటి?"

"ఇవాళ కూడానా?" అన్నాను.

"మీకు సెప్పనేదా? మొన్నొచ్చి, మిషన్ ఎలా కొడతాదో విని, ఒళ్ళో వాయించుకుని నేర్సుకెళ్ళేరు."

మావయ్య చాలా శ్రద్ధగా గోడమీది క్యాలెండరు చదవసాగారు.

లోపల మొదలైంది. డగడగడగ. ఆగింది. టంగ్ టంగ్ టంగ్. అచ్చం మా బకెట్టే!

పక్కకు చూశాను. మావయ్య చేతులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. మరి ఈ టకటక ఎక్కడిది? నా వేళ్ళే, టిఫిన్ క్యారియర్ మీద.

"మేడమ్ కదల్నేదు సార్, ఒక్క బొమ్మా సెదర్నేదు" అన్నాడు ఉమాపతి.

శాలిని ఆవులిస్తూ వచ్చింది. "నాన్న కంటే ఆ మిషనే నయం. అమ్మీ అమ్మీ అని అరవదు."

గదులు కొంచెం వెడల్పే, మిగతా మెదడంతా చక్కగా ఉంది, పుట్టాక మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టరు. బయటికి రాగానే నేను ఆ "మళ్ళీ"ని పట్టుకున్నాను. "మళ్ళీ చూసినప్పుడు ఏదైనా తేడా..."

మావయ్య తన చెంచా తీసి నా జేబులో పెట్టారు.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. పాపను పరీక్షకు తీసుకెళ్ళినప్పుడల్లా నేను ఆస్పత్రి బెంచీ వాయిస్తుంటే జనం వింతగా చూస్తారు. చూడనీ. ఆ రోజు మావయ్య చెప్పిందే చేస్తున్నాను.

"నాను సరదాకి వాయిస్తన్నాననుకున్నావేటి? బయమేసినపుడు సేతులు కాళీగా ఉంచీకు బాబూ. వాయించు."