తలుపు వేసుకుని చేసిన స్నానం

మీ ఇంట్లో వయసు పైబడిన మనిషి ఒకరుంటే, ఆ మనిషి ఇవాళ స్నానం ఎలా చేశారో మీకు తెలుసా? చేశారా లేదా అన్నది కాదు నా ప్రశ్న. ఎవరి చెయ్యి పట్టుకుని చేశారు, చేస్తున్నంతసేపూ తలుపు మూసి ఉందా తెరిచి ఉందా అని అడుగుతున్నాను.

కిందటి శరదృతువు దాకా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉందనే అనుకున్నాను. నేను కాలేజీలో డిబేట్ జట్టులో తర్ఫీదు పొందినదాన్ని. ఏ అంశాన్నయినా ముక్కలుగా విడదీసి, ఇరువైపులా వాదించి, చివరకు ఒక పక్షాన నిలబడటం అక్కడ నేర్పిన పద్ధతి. చదువు ముగించుకుని అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరకు తిరిగి వచ్చాక, ఆ పద్ధతిని మా నాన్నమ్మ స్నానం మీద కూడా ప్రయోగించాను.

సంగతి ఇది. నాన్నమ్మ మాతో ఉండటానికి వచ్చిన తరువాత ఆమెకు మోకాలి ఆపరేషన్ జరిగింది. నడక తిరిగి వచ్చింది. కాలెత్తి స్నానపు తొట్టె అంచు దాటే శక్తి మాత్రం రాలేదు. ఇక్కడి ఇళ్ళలో స్నానమంటే ఆ తొట్టెలోకి దిగి చేయవలసిందే. తొట్టె బయట నేల మీద చెంబెడు నీళ్ళు పడితే అవి పోవడానికి దారి ఉండదు. అందువల్ల ప్రతి ఉదయం ఆఫీసు మీటింగులు మొదలయ్యేలోపు అమ్మ ఆమెను రెండు చేతులా పట్టి తొట్టెలోకి దింపి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, షవర్ గొట్టంతో స్నానం చేయించేది. తలుపు ఓరగా తెరిచే ఉండేది, జారితే నేను పరుగెత్తి రావడానికి వీలుగా. అత్తాకోడళ్ళిద్దరూ ఆ సమయంలో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. బెండకాయలు ముదిరిపోయాయనీ, ఈ వారం గోంగూర రాలేదనీ కూరగాయల గురించే మాట్లాడుకునేవారు. ఆ మాటలు హాల్లోకి వినిపించేవి.

కొన్నాళ్ళకు నాన్నమ్మ స్నానాలు తగ్గించింది. చలిగా ఉందనేది, ఒళ్ళు వెచ్చగా ఉందనేది. స్నానం కానిదే ఆమె దేవుడి అల్మరా తలుపు తీయదు. కనుక దీపం వెలగని ఉదయాలు వచ్చాయి. ఒక పూట వెలగకపోతే ఎవరమూ పట్టించుకోలేదు. అవి వరుసగా వచ్చేసరికి ఇంట్లో చర్చ మొదలైంది.

ఆ చర్చలో అంశం: నాన్నమ్మకు స్నానం ఎవరు చేయించాలి? అమ్మకు పనిభారం ఎక్కువ కనుక సాయానికి ఒక మనిషిని పెట్టుకుందామని నాన్న అన్నారు. బయటి మనిషి ముందు ఆమె అసలే కూర్చోదని అమ్మ వాదన. ఉదయం షిఫ్టు నేను తీసుకుంటానని, గోడకు పట్టుకునే కడ్డీలు బిగిద్దామని, ఇంకా మంచి కుర్చీ కొందామని నేను కారణాలతో సహా ప్రతిపాదించాను. నాన్నమ్మ టీవీ ముందు కూర్చుని అంతా విన్నది.

"బాగా చెప్పావు ప్లీడరుగారూ," అంది చివరికి. "ముద్దాయిని కూడా ఓ మాట అడగరాదూ?"

అందరం నవ్వాం. ఆమెను అడగలేదు.

ఆకులు రంగు మారే రోజుల్లో రాష్ట్రానికి పడమట ఉన్న కొండల్లోకి వెళ్ళాలనుకున్నాం. ఆ సీజన్లో ఇళ్ళు దొరకవు. దొరికినది ఒక జపనీస్ పద్ధతి ఇల్లు. జపాన్ నుంచి వచ్చి స్థిరపడిన ఒకావిడ తన స్థలంలోనే కట్టించి, సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిస్తున్నది. ఫొటోల్లో చాపలు పరిచిన గదులు, కాగితపు తలుపులు, చుట్టూ తిరిగే చెక్క వసారా కనిపించాయి. నేల మీద పరుపులు పరుచుకుని పడుకోవాలని రాసి ఉండటంతో, మోకాలి సంగతి చెప్పి మంచం ఒకటైనా ఉందా అని ఆవిడకు మెసేజ్ పెట్టాను. ఉందని జవాబిచ్చింది. పడక గురించి అడిగాను, స్నానం గురించి అడగాలని తోచలేదు. అమ్మ మాత్రం ప్లాస్టిక్ కుర్చీని కారు డిక్కీలో అందరి పెట్టెల కంటే ముందు పెట్టింది.

ఆ ఇంట్లో అడుగుపెట్టగానే నాన్నమ్మ గదులన్నీ కలియజూసింది. "ఇంతదూరం కార్లో తెచ్చింది చాపల మీద కూర్చోబెట్టడానికా?" అని కొడుకును అడిగింది. అయితే చెప్పులు గడప దగ్గరే విప్పాలన్న నియమం ఆమెకు నచ్చింది. మరుగుదొడ్డి ఒక చోట, స్నానాల గది మరొక చోట ఉండటం ఇంకా నచ్చింది. ఆ రెండూ ఒకే గదిలో ఉండటం గురించి మా ఇంటికి వచ్చిన మొదటిరోజే ఆమె తన అభిప్రాయం చెప్పేసింది.

ఆ స్నానాల గదిని నేను వాదనలో ఆధారం చూపినట్టే వర్ణించాలి. గదికి గట్టు లేదు. బయటి నేలా లోపలి నేలా ఒకే మట్టం. లోపల నేలంతా గరుకు రాతిపలకలు, అవన్నీ ఒక మూలనున్న తూము వైపు కొద్దిగా వాలి ఉన్నాయి. గోడ దగ్గర రెండు చెక్క పీటలు: ఒకటి జానెడు ఎత్తుది, రెండోది దాదాపు కుర్చీ అంత ఎత్తుది. వాటి పక్కన చిన్న చెక్క బకెట్. ఇంకో వైపు లోతైన తొట్టె, దాని నిండా వేడినీళ్ళు, పైన మూత. గోడ మీద అంటించిన సూచనలను చదివి తెలుగులో వినిపించాను: ఒళ్ళు తొట్టె బయటే శుభ్రంగా కడుక్కోవాలి, సబ్బు నీళ్ళు తొట్టెలో కలవకూడదు, ఆ తరువాతే అందులోకి దిగి కూర్చోవాలి, అవే నీళ్ళు ఇంట్లో అందరికీ.

"అందరూ ఒకే నీళ్ళలోనా?" అంది నాన్నమ్మ. "నేను దిగను."

దిగనవసరం లేదని అమ్మ సర్దిచెప్పింది. మర్నాడు తెల్లవారగానే డిక్కీలోని కుర్చీ తెమ్మని నన్ను పంపింది. నేను కారు దాకా వెళ్ళి, తాళాలు లోపలే మరిచానని తిరిగి వచ్చేసరికి స్నానాల గది తలుపు మూసి ఉంది. అమ్మ తువ్వాలు పట్టుకుని బయట నిలబడి ఉంది.

"అత్తయ్యగారూ, నేను లోపలికి రానా?"

"నువ్వెళ్ళి కాఫీ తాగమ్మా. చల్లారిపోతుంది."

అమ్మ కదలలేదు. నేనూ కదలలేదు. లోపల ముందు పీట జరిపిన చప్పుడు వచ్చింది. తరువాత తొట్టె మూత తీసిన చప్పుడు. ఆ తరువాత, నేను అమెరికాలో ఏ ఇంట్లోనూ వినని చప్పుడు: నిండా ముంచిన నీళ్ళు తల మీద నుంచి ఒక్కసారిగా జారి రాతినేల మీద పడటం, కొంచెం ఆగి మళ్ళీ పడటం. ఊళ్ళో గంగాళం పక్కన కూర్చుని చెంబుతో పోసుకున్నట్టే, నాన్నమ్మ ఆ తొట్టెలో బకెట్ ముంచి పోసుకుంటున్నది. మధ్యలో ఏదో స్తోత్రం గొణుగుతున్నది. అమ్మ తువ్వాలును తలుపు పిడికి తగిలించి వంటగదిలోకి వెళ్ళింది. ఉదయంపూట ఆమె కూర్చుని కాఫీ తాగడం నేను చూసి చాలా కాలమైంది.

నాన్నమ్మ తడి జుట్టు ముడి వేసుకుని, చీర కట్టుకుని, తానే తలుపు తీసుకుని వచ్చింది. తూర్పు ఎటని అడిగి, వసారాలోకి వెళ్ళి, కొండ మీద నుంచి అప్పుడే పైకి వస్తున్న సూర్యుడికి దణ్ణం పెట్టుకుంది. తరువాత టిఫిన్ ఏమిటని అడిగింది.

ఆ తరువాత తొట్టెలో కూర్చుందామని ఉత్సాహంగా వెళ్ళిన నాన్న వెంటనే వెనక్కి వచ్చారు. "అమ్మా, సగం నీళ్ళు ఖాళీ చేసేశావు. మోకాళ్ళ దాకా కూడా లేవు."

"మళ్ళీ పట్టుకో. నీళ్ళే కదా."

నాకు మాత్రం చింత పట్టుకుంది. గోడ మీద రాసిన నియమాన్ని మేము ఉల్లంఘించామా? తొట్టె నీళ్ళను ముంచుకోవచ్చని అందులో లేదు, వద్దని కూడా లేదు. ఇలాంటి చోట ఊరుకోవడం నాకు చేతకాదు. మరునాడు యజమానురాలు తోటలో రాలిన ఆకులు ఊడుస్తుండగా వెళ్ళి, జరిగింది చెప్పి, తప్పైతే క్షమించమన్నాను. ఆవిడకు అరవై దాటి ఉంటాయి. తప్పేమీ లేదంది. ముంచి పోసుకోవడానికే ఆ బకెట్ పెట్టానని, తమవాళ్ళు కూడా తొట్టెలోకి దిగేముందు అలాగే పోసుకుంటారని చెప్పింది. మాటల్లో ఆ గది సంగతి అడిగాను. మొదట అక్కడ మామూలు అమెరికన్ తొట్టే ఉండేదట. వాళ్ళమ్మ తన దగ్గర ఉండటానికి వస్తున్నప్పుడు దాన్ని పీకించిందట.

"నీకు ఏం కావాలని ఫోన్లో అడిగాను," అంది ఆవిడ. "నేలలో తూము, మూసుకునే తలుపు అని చెప్పింది. ఎత్తు పీట కూడా ఆవిడదే."

అంతే చెప్పి మళ్ళీ ఊడ్చుకోవడంలో పడింది.

డిబేట్‌లో ప్రతిపక్షానికి మొదట నేర్పేది ఒకటుంది. అంశానికి అనుకూలమా ప్రతికూలమా అని ఆలోచించే ముందు, అంశాన్ని రాసిన తీరే తప్పేమో చూడమంటారు. నాన్నమ్మకు స్నానం ఎవరు చేయించాలని మా ఇంట్లో నెలల తరబడి వాదించుకున్నాం. ఎవరైనా ఎందుకు చేయించాలి అన్న ప్రశ్న మా కుటుంబంలో ఒక్కరికీ రాలేదు, వాదించడమే చదువుకున్న నాతో సహా. ఆమె మోకాలు బాగుచేయించాం, తొట్టె అంచును మాత్రం కదల్చరానిదిగా వదిలేశాం.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాన్నమ్మ రోజూ స్నానం చేసింది, తలుపు వేసుకునే. కుర్చీ డిక్కీలోంచి బయటకు రాలేదు.

తిరుగు ప్రయాణంలో నేను విషయం ఎత్తాను. కింది అంతస్తులో నాన్నమ్మ గదిని ఆనుకుని ఉన్న బాత్రూంలో టబ్ తీయించి, నేలంతా వాలు పెట్టించి, తూము వేయిద్దామన్నాను. నాన్న కారు నడుపుతూనే అభ్యంతరాలు చెప్పారు. "టబ్ తీసేస్తే రీసేల్‌కి ప్రాబ్లం అవుతుందమ్మా. కొనేవాళ్ళు ఫస్ట్ అదే చూస్తారు." పైన మరో టబ్ ఉంది కదా అన్నాను. నేలంతా పగలగొట్టాలి, ఇల్లంతా దుమ్ము అన్నారు. దానికీ జవాబు మొదలుపెట్టబోయాను.

వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఉన్న నాన్నమ్మ అప్పుడు మాట్లాడింది. "ఒరే అబ్బాయ్. ఇల్లు కొనేవాడు ఎప్పుడొస్తాడో, ఎవడో మనకు తెలీదు. వాడి స్నానం గురించి ఇంత ఆలోచిస్తున్నావు. నేను ఇక్కడే కూర్చుని ఉన్నాను కదరా."

నేను, బహుశా మొదటిసారి, నా తరువాతి పాయింటు చెప్పకుండా ఊరుకున్నాను.

"ఏం కావాలమ్మా నీకు?" అన్నారు నాన్న.

ఆమె తడుముకోలేదు. గట్టు వద్దంది. కూర్చునే పీట ఎత్తుగా ఉండాలి, కానీ ప్లాస్టిక్‌ది వద్దు. నీళ్ళు పట్టుకోవడానికి పెద్ద బకెట్, ముంచుకోవడానికి చెంబు. చెంబు తన పెట్టెలో ఉంది, వచ్చేటప్పుడే తెచ్చుకుంది. పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఒకటి ఉంటే మంచిదే, "మన ప్లీడరు చెప్పిందే". తలుపుకు లోపలి నుంచి గడియ వద్దు, పడితే మీరు రావాలి కదా, కానీ తలుపు పూర్తిగా మూసుకోవాలి. పిలిస్తేనే లోపలికి రావాలి.

మా జాబితాల్లో ఒక్కటి తప్ప వీటిలో ఏదీ లేదు. ఆ చెంబు అంతకాలం మా ఇంట్లోనే ఉందని కూడా మాకు తెలియదు.

పని చేయడానికి వచ్చినతను నీళ్ళు బయటకు రాకుండా చిన్న గట్టు ఉంటే నయమన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. వాలు ఇంకాస్త పెంచమని అడిగి దగ్గరుండి చేయించారు. దుమ్ము ఆయన చెప్పినట్టే ఇల్లంతా పట్టింది. గది తయారైన మర్నాడు నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఆ చప్పుడు వినిపించింది, మూసిన తలుపు వెనక నుంచి. అమ్మ ల్యాప్‌టాప్ ముందు కాఫీ పెట్టుకుని ఉంది. కాసేపటికి దేవుడి అల్మరా తలుపు తీసిన చప్పుడైంది.

నేను కోరుతున్నది పెద్ద పనేమీ కాదు. మీ ఇంట్లోని పెద్ద మనిషి దగ్గరకు ఈరోజే వెళ్ళండి. పక్కన కూర్చోండి. మీ స్నానానికి ఏం కావాలి అని ఆ మనిషినే అడగండి. జవాబు పూర్తయ్యేదాకా కుర్చీల గురించీ కడ్డీల గురించీ మీ సలహా ఒక్కటి కూడా చెప్పకండి. విన్నాక, చెప్పినవాటిలో మొదటిదాన్ని ఈ వారమే మొదలుపెట్టండి.